మొదటి పళ్ళెం

మన ఓడ సముద్రాన్ని దున్నుతోంది అనేవాడు సరంగు. ఒక చాలు పట్టుకుని ఆ చివరిదాకా పోవడం, తిరిగి పక్క చాలు పట్టుకుని ఈ చివరికి రావడం. ఓడ వెనక మైళ్ళ పొడవున తోకలాగా ఒక తీగ. నీటి అడుగున నేల ఎలా ఉందో ఆ తీగ వింటుంది. విన్నదాన్ని పైగదిలో చదువుకున్నవాళ్ళు తెరల మీద చూసుకుంటారు. కిందివాళ్ళకి కనిపించేది నీళ్ళే.

"ఇంత పొలం దున్నాం, గింజ పండదు," అనేవాడు సరంగు. "ఇలాంటి రైతుకి పిల్లనెవడిస్తాడు."

బయల్దేరి నెలలు గడిచాయి. ఇక కొద్ది చాళ్ళే మిగిలాయి. చివరి రోజుల జబ్బు అందరికీ పట్టుకుంది. ఒకడి దగ్గు ఇంకొకడికి పడదు. చెప్పుల చప్పుడు వింటే చాలు, వచ్చేదెవడో తెలుస్తుంది. తెలిసి మొహం తిప్పుకుంటారు. తువ్వాళ్ళు గోనెపట్టలయ్యాయి. చెప్పుకోవలసిన కథలు అయిపోయి, చెప్పినవే మళ్ళీ చెబుతుంటే ఆపమనడానికి కూడా ఎవరికీ ఓపిక లేదు. ఇంటికి పోతున్నామన్న సంతోషం ఎవరి మొహంలోనూ లేదు. సంతోషం ఒడ్డు కనిపించాక వస్తుంది. అంతవరకూ వచ్చేది విసుగే.

వంటగదిలో మాత్రం అన్నీ మొదటి రోజులాగే ఉండేవి. కత్తులు పొడవు ప్రకారం వేలాడేవి. గిన్నెల మూతలు ఓడ ఊగినప్పుడు చప్పుడు చెయ్యకుండా మధ్య మధ్య గుడ్డలు ఉండేవి. వంటాయన పొట్టి మనిషి, యాభై దాటినవాడు. ముంజేతుల నిండా నూనె చిందిన మచ్చలు, పాతవి తెల్లగా, కొత్తవి ఎర్రగా. ఓడలో అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు. ఒరేయ్ అనేవాడు సరంగు ఒక్కడే. డెక్కు మీద పనివాళ్ళకి పెద్ద ఆ సరంగు. వంటాయనకి అక్క మొగుడు.

తల్లి పోయాక వంటాయనని అక్కే పెంచింది. పెళ్ళయి ఆమె అత్తవారింటికి బయల్దేరుతుంటే ఈ పిల్లాడు చెప్పులేసుకుని ముందే బండి ఎక్కి కూర్చున్నాడు. కొత్త పెళ్ళికొడుకు చూసి, "సారెలో దీన్ని కూడా పెట్టారా," అన్నాడు. అది మొదటి ఎకసెక్కం. ఆనాటి నుంచి ఆయన నోరు ఆగింది లేదు. బావమరిది నడక మీద, గురక మీద, నెత్తి మీద జుట్టు రాలడం మీద. బావ అన్నాక ఏడిపించాలి, బావమరిది అన్నాక పడాలి. వంటాయన పడేవాడు. పడుతూ లోపల ఇష్టపడేవాడు.

హోటల్లో అంట్లు తోమడం దగ్గర మొదలుపెట్టి, ఆసుపత్రి వంటశాలలో, ఫ్యాక్టరీ క్యాంటీన్లో చేశాడు. చేతిలో పని ఉంది, నోటికి అదుపు లేదు. ఎవరో ఒకరు కూర బాగాలేదంటారు, మాటా మాటా పెరుగుతుంది, గరిటె విసిరేసి ఇంటికొచ్చేస్తాడు. చివరికి అక్క తన మొగుడితో అంది: "వీణ్ణి నీతో తీసుకుపో. సముద్రం మధ్యలో అయితే అలిగి ఎక్కడికీ పోలేడు."

అలా ఓడెక్కాడు. ఎన్నో ఓడలు, అన్నిట్లోనూ బావ ఉన్నచోటే. నిజంగానే అలిగి ఎక్కడికీ పోలేకపోయాడు. పోలేక పనిమంతుడయ్యాడు.

ఓడలో ఒక పద్ధతి ఉండేది. మొదటి పళ్ళెం సరంగుది. వెనకెప్పుడో ఏదో ఓడలో చెడిన మాంసం తిని అందరూ మంచం పట్టారట. అప్పటి నుంచి సరంగు అనేవాడు ముందుగా వంటగది కిటికీ దగ్గరికి వస్తాడు, నిలబడే రెండు ముద్దలు తింటాడు, ఊ అంటాడు. ఆ ఊ వినబడ్డాకే తక్కినవాళ్ళు బల్లల దగ్గర కూర్చుంటారు. ఈ సరంగు ఊ తో ఆగేవాడు కాదు. "కూర వండావా, మీ అక్క మీద కోపం తీర్చుకున్నావా," అనేవాడు. "ఈ మాంసం చచ్చిపోయి ఎన్నాళ్ళయింది, పెద్దకర్మ అయిందా," అనేవాడు. బల్లల దగ్గర నవ్వులు. వంటాయన గరిటె ఎత్తి చూపించేవాడు. తర్వాత బావ అక్కడే నిలబడి పళ్ళెం ఊడ్చినట్టు తినేవాడు.

ఈసారి ఓడ బయల్దేరిన కొత్తల్లో వంటాయనకి జలుబు చేసింది. జలుబు పోయింది గానీ పోతూ పోతూ ముక్కునీ నాలుకనీ తీసుకుపోయింది. ఉల్లిపాయ కోస్తే కళ్ళలో నీళ్ళు వస్తాయి, వాసన రాదు. చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుక. రెండు రోజుల్లో వస్తుందనుకున్నాడు. వారంలో వస్తుందనుకున్నాడు. తర్వాత అనుకోవడం మానేశాడు.

ఎవరికీ చెప్పలేదు. నాలుక లేని వంటవాణ్ణి ఏ ఓడ పెట్టుకుంటుంది. వేరే పని రాదు, నేర్చుకునే వయసు దాటింది. కాబట్టి కళ్ళతో, చెవులతో, వేళ్ళతో వండటం నేర్చుకున్నాడు. ఉల్లిపాయ నూనెలో మొదట గట్టిగా అరుస్తుంది, వేగాక గొణుగుతుంది. ఆ గొణుగుడు పట్టుకునేవాడు. పాలు పుల్లబడితే చెంచాకి సన్నగా పలుకులు అంటుకుంటాయి. మాంసం వేలితో నొక్కి చూసేవాడు. ఉప్పుకి ఒక సొట్టగరిటె ఉంది, ఏళ్ళ నాటిది. ఇంత గిన్నెకి ఇన్ని గరిటెలని చేతికి తెలుసు. నాలుకతో పనేముంది.

పైగా బావ ఉన్నాడు. తన నాలుక పోతేనేం, మొదటి పళ్ళెం దగ్గర బావ నాలుక ఉంది. ఏదైనా తేడా వస్తే ఊరుకునే నోరా అది. వంటాయనకి అదే ధైర్యం. బావకి చెప్పకుండా బావ నాలుకని వాడుకుంటున్నాడు.

అప్పట్లోనే ఒక మధ్యాహ్నం సరంగు తనే టీ కలిపి తెచ్చి ఇచ్చాడు. భోజనాల గదిలో నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. "తాగరా, ఎప్పుడూ నువ్వే పెడతావు." వంటాయన తాగాడు. ఎందుకో అందరూ తనవైపే చూస్తున్నారు. గుటక గుటకకీ చూస్తున్నారు. "ఎలా ఉంది?" అన్నాడు సరంగు. "బాగుంది. పంచదార కొంచెం ఎక్కువేశావు," అన్నాడు వంటాయన. ఎవరూ నవ్వలేదు. సరంగు గ్లాసు తీసుకుని తనే కడిగి పెట్టాడు. ఈయనకేమైంది ఇవాళ అనుకున్నాడు వంటాయన.

తర్వాత మధ్యలో సరుకుల పడవ వచ్చింది. బంగాళదుంపలు, పిండి, గుడ్లు, ఉప్పు. ఇదివరకటిది రాళ్ళ ఉప్పు, ఇది పిండిలా మెత్తటిది. వంటాయన సంచీ విప్పి డబ్బాలో పోసుకున్నాడు. అదే సొట్టగరిటె, అదే లెక్క. ఆపైన భయం కొద్దీ ఒక చిటికెడు. నాలుక లేనివాడికి ఉప్పెక్కువవుతుందన్న భయం ఉండదు. చప్పబడుతుందన్న భయమే ఉంటుంది.

సరంగు కిటికీ దగ్గరికి వచ్చేవాడు, నిలబడి తినేవాడు, ఊ అనేవాడు. అంతే. వంటని ఎకసెక్కం చెయ్యడం మానేశాడు. నడక మీద అనేవాడు, గురక మీద అనేవాడు, వంట జోలికి మాత్రం పోయేవాడు కాదు. అన్నేళ్ళకి తన వంట బావ నోరు మూయించిందని వంటాయన అనుకున్నాడు. ఆ పూట గిన్నెలు తోముతూ కూనిరాగం కూడా తీశాడు.

చాళ్ళు తరిగే కొద్దీ సరంగు కాళ్ళు వాచాయి. మొదట సాయంత్రాలు, తర్వాత పొద్దున కూడా. బూట్లు పట్టక రబ్బరు చెప్పులతో డెక్కు మీదికి వచ్చేవాడు. "వయసొచ్చింది, ఏనుగునవుతున్నా," అన్నాడు. రక్తపోటుకి ఏళ్ళుగా మాత్రలు వేసుకుంటున్నాడని అందరికీ తెలుసు. మెట్లెక్కుతుంటే మధ్యలో ఆగి, సముద్రం చూస్తున్నట్టు నిలబడేవాడు. చూడ్డానికక్కడ ఏముంది. ఒకరోజు డెక్కు మీదే కూలబడ్డాడు. ఇద్దరు మోసుకొచ్చి గదిలో దిండ్లు ఎత్తుపెట్టి కూర్చోబెట్టారు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు.

ఓడలో డాక్టరు లేడు. మందులపెట్టె తాళం చిన్న ఆఫీసరు దగ్గర ఉంటుంది. ఆయన ఒడ్డు మీది డాక్టరుతో మాట్లాడాడు. తర్వాత వంటగదికి వచ్చి చెప్పాడు. "తిండి సంగతి అడిగాడు. ఉప్పు మామూలుగానే వేస్తారని చెప్పాను. ఇక సరంగుకి ఉప్పు వెయ్యొద్దు. ఒక మాత్ర పెంచాం. ఈ చాళ్ళు అయ్యేదాకా ఆగొచ్చన్నాడు."

వంటాయన ఉప్పు లేకుండా గంజి కాచి పట్టుకెళ్ళాడు. సరంగు రెండు చెంచాలు తాగాడు. కళ్ళు మూసుకున్నాడు. తెరిచి, "ఏరా, ఇది గంజా, గిన్నె కడిగిన నీళ్ళా," అన్నాడు.

వంటాయన నవ్వాడు. ఎన్నాళ్ళయిందో ఈ మాట విని. నవ్వుతూనే బయటికి వచ్చి, నడవాలో నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. అవును, ఎన్నాళ్ళయింది. ఎప్పుడు ఆగింది ఇది?

ఆ ఆలోచనతోనే భోజనాల గదిలోకి పోయాడు. ఆ వేళప్పుడు ఆయన అక్కడికి రాడు, వంటగదిలో ఉంటాడు. ఇంజను దగ్గర నూనె పోసేవాడు, గ్రీజు అంటారు వాణ్ణి, చేతులు కడుక్కునే తొట్టి దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో పళ్ళెం. మాంసం ముక్కల్ని ఒక్కొక్కటీ కుళాయి కింద పెట్టి కడుగుతున్నాడు. వాడి వెనక ఇద్దరు పళ్ళేలతో నిలబడి తమ వంతు కోసం చూస్తున్నారు.

"ఏం చేస్తున్నార్రా?"

కుళాయి ఆగింది. వెనకున్న ఇద్దరూ పళ్ళేల్లోకి చూసుకున్నారు.

"నిన్నే. ఏంటది?"

"ఏం లేదు బాబాయ్," అన్నాడు గ్రీజు. "వేడిగా ఉంటే..."

"వేడిగా ఉంటే కూర కడుక్కుంటారా మీ ఇంట్లో?"

గ్రీజు పళ్ళెం తొట్టి అంచున పెట్టాడు. "ఉప్పు బాబాయ్. సరుకుల పడవ వచ్చినకాణ్ణుంచీ నోట్లో పెట్టుకోలేకపోతున్నాం. సరంగు నీకు చెప్పొద్దన్నాడు. చెప్పినవాడి తాట తీస్తానన్నాడు."

"మరి ఆయన తింటున్నాడు గదరా."

"ఆయన నీ కిటికీ ముందు తినాలి గదా," అన్నాడు గ్రీజు. "అక్కడ కుళాయి లేదు."

వంటాయన వెనక్కి పోయాడు. నరికే చెక్క రుద్దడానికి వాడే పాత రాళ్ళ ఉప్పు ఒక సీసాలో అడుగున మిగిలి ఉంది. మాంసం తూచే కాటా తీశాడు. సొట్టగరిటెతో రాళ్ళ ఉప్పు ఒక పళ్ళెంలో, అదే గరిటెతో మెత్తటి ఉప్పు రెండో పళ్ళెంలో పోశాడు. మెత్తటి ఉప్పు పళ్ళెం టక్కున బల్లకి ఆనింది. రాళ్ళ ఉప్పు మధ్య అంతా గాలి. మెత్తటి ఉప్పులో గాలి లేదు. వంటపనిలో మొదటేడు పిల్లాడికి కూడా తెలిసిన సంగతి. వాడికి కూడా తెలియకపోతే నాలుక చెబుతుంది.

కాటా అలాగే వదిలేసి బావ గదికి పోయాడు. తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఎవడు వాగాడు?" అన్నాడు సరంగు మొహం చూసి.

"నీకెప్పుడు తెలుసు?"

"టీలో ఉప్పేసిచ్చా ఆ రోజు. నిన్ను ఏడిపిద్దామని." ఊపిరి కోసం ఆగాడు. "నువ్వు మూతి ముడిచి ఉమ్మేస్తావు, అందరం నవ్వుకుంటామని. నువ్వేమో పంచదార ఎక్కువైందన్నావు."

వంటాయన మంచం కింద ఉన్న ఇనప పెట్టె బయటికి లాగి దాని మీద కూర్చున్నాడు. సరంగు కాళ్ళు ఆయన మోకాళ్ళ దగ్గరే ఉన్నాయి. చర్మం బిగిసి మెరుస్తోంది. వేలితో నొక్కాడు. గుంట పడింది. పిండిలో పడ్డట్టు పడి, అలాగే ఉండిపోయింది.

"చిన్న ఆఫీసరుకి చెబుతా బావా. ఉప్పు మామూలే అని చెప్పాడట డాక్టరుకి."

"ఏమని చెబుతావు? నాకు నాలుక లేదనా? కాగితం మీద రాసి ఒడ్డున దింపేస్తారు. ఇంకో ఓడ మొహం చూడవు. ఏం చేస్తావు, మళ్ళీ అంట్లు తోముతావా ఈ వయసులో?"

"తోముతా."

"మీ అక్క నిన్ను నా చేతిలో పెట్టిందిరా." మళ్ళీ ఆగాడు. "కొన్ని చాళ్ళు. ఓర్చుకో. ఒడ్డుకి పోయాక డాక్టర్లే చూస్తారు. నీ సంగతి మనిద్దరం ఇంటికెళ్ళి చూసుకుందాం. ఇప్పుడు చెప్పావంటే నేను తిన్నదంతా గంగపాలు."

వంటాయన లేచాడు. సాయంత్రం వంట చేశాడు, ఉప్పు సగం తగ్గించి. చిన్న ఆఫీసరు గది తలుపు దాకా వెళ్ళాడు. లోపల ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నాడు. కాసేపు నిలబడి వెనక్కి వచ్చాడు. మాటలు అయ్యేదాకా ఆగవచ్చు. ఆగలేదు. ఇంకెవరో ఉన్నారు, రేపు చెబుదాం అనుకున్నాడు. బావ కూడా వద్దన్నాడు. తనకి అక్కరకొచ్చే మాట ఆ ముసలాడే అనడం ఎంత హాయిగా ఉందో అప్పుడు తెలియలేదు.

పొద్దున గంజి పట్టుకెళితే సరంగు పెదాలు నీలంగా ఉన్నాయి. గంజి అక్కడే పెట్టి తిన్నగా చిన్న ఆఫీసరు దగ్గరికి పోయాడు.

"నాకు రుచి తెలీదండీ," అన్నాడు. "బయల్దేరిన కొత్తల్నించీ. కూరల్లో ఉప్పు సగానికి సగం ఎక్కువ పడింది. సరంగు అంతా తిన్నాడు, నా ముందు నిలబడి."

చిన్న ఆఫీసరు ఇరవైల్లో ఉన్న మనిషి. కోప్పడలేదు. "నిన్న తెలుసా నీకు?" అని మాత్రం అడిగాడు.

"తెలుసు."

ఒడ్డు మీది డాక్టరు విని, ఇన్నాళ్ళుగా అయితే మాత్రలతో లాక్కొచ్చేది కాదు, ఓడని తిప్పమన్నాడు. కెప్టెను తిప్పమన్నాడు. అయితే వెనక తోక ఉంది. మైళ్ళ తీగని చుట్టుకుంటే గానీ ఓడ వేగం అందుకోలేదు. ఆ పని దగ్గరుండి చేయించేవాడు సరంగు. సరంగు మంచం మీద ఉన్నాడు. పొద్దున మొదలుపెట్టారు. చక్రం తిరుగుతోంది, ఆగుతోంది, తీగ మెలిపడుతోంది, మళ్ళీ తిరుగుతోంది. గోడల గుండా ఆ మూలుగు గదిలోకి వస్తోంది.

"ఎడంవైపు వదులు చెయ్యాలిరా వెధవల్లారా," అన్నాడు సరంగు గోడతో. తర్వాత వంటాయన వైపు తిరిగాడు. "చెప్పేశావన్నమాట."

"చెప్పేశా."

సరంగు మళ్ళీ గోడ వైపు తిరిగాడు. కోపమో, అలసటో. కాసేపటికి, "గంజి ఉందా," అన్నాడు. వంటాయన పట్టాడు. ఎలా ఉందని అడగలేదు, ఆయన చెప్పలేదు. చాలా భాగం గడ్డం మీదుగా తువ్వాలులోకి పోయింది. సాయంత్రానికి తీగ మొత్తం పైకి వచ్చింది. ఓడ ఒక్కసారి వణికి వేగం అందుకుంది. ఆ వణుకు సరంగుకి తెలిసినట్టే ఉంది, వేళ్ళు దుప్పటి మీద కదిలాయి. తెల్లవారేసరికి పోయాడు.

కెప్టెను వంటాయనని పిలిపించాడు. ఆయన అడగకముందే వంటాయనే అన్నాడు: "చల్లగదిలో చోటుంది. ఖాళీ చేస్తా."

ఒడ్డుకి ఇంకా దూరం ఉంది. ఓడలో మనిషిని ఉంచడానికి వేరే చోటు లేదు. చివరి రోజులు కాబట్టి చల్లగది చాలావరకు ఖాళీగానే ఉంది. బంగాళదుంపలు ఉన్న కింది అర ఊడ్చి, తుడిచి, ఉడికించిన గుడ్డ పరిచాడు. మిగిలిన క్యాబేజీలు, గుడ్లు పై అరలోకి ఎక్కించాడు. డెక్కువాళ్ళు తెచ్చి పడుకోబెట్టారు. ఇప్పుడు పడుకోగలిగాడు, దిండ్లు అక్కర్లేకుండా.

ఆ తర్వాత కూడా అందరూ తినాలి. వంటాయన రోజూ తలుపు తీసి లోపలికి పోయేవాడు, గుడ్లు తీసుకునేవాడు. మొదటి రోజు, "గుడ్లకొచ్చా బావా," అన్నాడు. నోటి నుంచి వచ్చిన పొగ తెల్లగా కాసేపు నిలబడింది. రెండో రోజు ఏమీ అనలేదు.

వంట అయ్యాక అలవాటు కొద్దీ మొదటి పళ్ళెం కిటికీలో పెట్టాడు. బల్లల దగ్గరికి ఎవరూ రాలేదు. అందరూ గోడవారన నిలబడి ఆ పళ్ళెం వైపే చూస్తున్నారు. చివరికి గ్రీజు వచ్చి తీసుకున్నాడు. నిలబడే ఒక ముద్ద తిన్నాడు. నమిలాడు.

"చప్పగా ఉంది బాబాయ్."

వంటాయన ఉప్పు డబ్బా ముందుకి తోశాడు. "నువ్వే వెయ్యి."

ఒడ్డున కాగితాల పని జరిగింది. ఇక ఓడ ఎక్కక్కర్లేదని మర్యాదగానే చెప్పారు. వంటాయన తలూపి, తన కత్తులు గుడ్డలో చుట్టుకుని, బావ ఇనప పెట్టె కూడా పట్టుకుని దిగాడు. బావని ముందే ఇంటికి పంపారు.

కర్మలయ్యాయి. వచ్చినవాళ్ళు పోయారు. గుండె ఆగిపోయిందని అందరికీ చెప్పారు. అది అబద్ధం కాదు. ఇల్లు సద్దుమణిగాక ఒక మధ్యాహ్నం అక్క తమ్ముడికి అన్నం పెట్టింది. వంటగదిలో నేల మీద పీట వేసి, కూర వడ్డించి, గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడింది. మనిషి చిక్కిపోయింది. వడ్డించే చెయ్యి మాత్రం అలాగే ఉంది.

రెండు ముద్దలు తిన్నాడు. వేడి తెలిసింది, మెత్తదనం తెలిసింది.

"ఉప్పు సరిపోయిందా?" అంది అక్క.

ప్రతి పూటా, ప్రతి ఇంట్లో, ఎవరూ ఆలోచించకుండా అడిగే మాట. ఊ అంటే చాలు. వంటాయన చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు.

"నాకు తెలీదక్కా. ఓడెక్కిన కొత్తల్లోనే నాలుక చచ్చిపోయింది."

"అదేంట్రా. మరి అన్నాళ్ళూ ఎలా వండావు?"

"గుడ్డిగా వండా."

"గుడ్డిగా వండితే మీ బావ ఊరుకున్నాడా? ఆయన నోరు నాకు తెలీదూ. ఎలా తిన్నార్రా అందరూ?"

వంటాయన చెయ్యి ఎండిపోతోంది. అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"ముందు బావ తినేవాడక్కా," అన్నాడు.